ముప్ఫై అంగల దూరం

ఆ ఊళ్ళో సగం మంది పక్కటెముకలు ఎక్స్‌రే మావయ్యకు తెలుసు. ముఖాలే గుర్తుండేవి కావు. బజార్లో ఎవరైనా ఎదురై నమస్కారం పెడితే ఎవరో అర్థంకాక బుర్ర గోక్కుంటూ నిలబడేవాడు. ఆ మనిషే "గుర్తుపట్టలేదా మావయ్యా? ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాను కదా" అనగానే మొహం విప్పారేది. "ఓరి నువ్వా! మణికట్టుకి రెండంగుళాల పైన! బాగా అతుక్కుందా? ఏదీ, ఓసారి తిప్పు" అని నడిరోడ్డు మీదే చెయ్యి పట్టుకుని చూసేవాడు.

పెద్దాసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు ఎక్స్‌రేలు తీశాడాయన. మెట్ల కింద చిన్న గది. నల్ల కర్టెను, సీసపు రేకు కొట్టిన తలుపు, ఎప్పుడూ పోయిన నెల దగ్గరే ఆగిపోయి ఉండే క్యాలెండరు. ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆయన చెప్పిన మాటలు మూడే. "గాలి పీల్చండి. బిగబట్టండి. ఇక వదలండి." వీధిలో ఆయన కనబడితే పిల్లలు బుగ్గలు పూరించి నిలబడిపోయేవాళ్ళు. ఆయన "ఇక వదలండి" అనేదాకా ఊపిరి వదిలేవాళ్ళు కాదు. పాపం, మరీ ఎర్రబడకముందే అనేసేవాడు.

నాలుగో మాట ఇంకొకటి ఉండేది. "రిపోర్టు డాక్టరుగారు చెప్తారు."

తడి ఫిల్ము ముందుగా చూసేది మావయ్యే. కానీ చూసినదేమిటో మాటలో కాదు కదా, మొహంలో కూడా కనబడనిచ్చేవాడు కాదు. చూడటం తన పని, చెప్పటం డాక్టరుగారి పని. ఆ హద్దు దాటకూడదని మొదటి రోజే నేర్పారు. ఆయన దాటలేదు.

దాటనందుకు ఒక్కసారి మాత్రం మనసులో ముల్లు దిగింది. ఆసుపత్రి సందు మొదట్లో టీకొట్టు నడిపే ఆయన దగ్గుతో వచ్చాడు. ఫిల్ములో, కుడివైపు పైన, ఉండకూడని మచ్చ ఒకటి మావయ్య కంటబడింది. "రిపోర్టు డాక్టరుగారు చెప్తారు, సాయంత్రం రండి" అన్నాడు. టీకొట్టాయన సాయంత్రం రాలేదు. బేరం బాగుందేమో, దగ్గు తగ్గిందనుకున్నాడేమో. మూడు వారాలు ఆ ఫిల్ము కవరులోనే ఉండిపోయింది. ఆ మూడు వారాలూ మావయ్య రోజుకు రెండుసార్లు ఆ కొట్టు ముందు నుంచే సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాడు. ఆయన "టీ తాగి పో మావయ్యా" అని పిలిచేవాడు. ఈయన "మళ్ళీ వస్తాలే" అని చెయ్యూపేవాడు. ఆ తర్వాత ఆ కొట్టు ఎక్కువ కాలం తెరిచి లేదు. ముందే చెప్పినా ఏమీ మారేది కాదని డాక్టరుగారు అన్నారు. అయ్యుండవచ్చు. కానీ ఆ సందు మొదట్లోకి వచ్చేసరికి మావయ్య కాళ్ళు ఇప్పటికీ పెడల్ మీద కాస్త నెమ్మదిస్తాయి.

ఉద్యోగ విరమణ రోజున ఆసుపత్రివాళ్ళు దండ వేసి, శాలువా కప్పి, ఒక కెమెరా చేతిలో పెట్టారు. వెలుతురులో ఫోటో తీయడం ఆయనకు అదే మొదలు.

మొదటి బొమ్మ అత్తయ్యది. ఆయన భార్యను వీధంతా అత్తయ్య అనే పిలుస్తుంది. వరండాలో నిలబెట్టి "గడ్డం పైకెత్తు. భుజాలు ముందుకి. కదలకు. గాలి పీల్చు, బిగబట్టు" అన్నాడు. స్టూడియోలో కడిగించి తెచ్చిన ఫోటోలో అత్తయ్య బుగ్గలు ఉబ్బించుకుని, గుడ్లు మిటకరించి, ఎవరో తరుముకొస్తున్నట్టు ఉంది.

"మీకో దణ్ణం" అందావిడ. "మనుషుల్ని వదిలెయ్యండి. ఊళ్ళో కదలనివేవో చూసుకుని వాటిని తీసుకోండి."

కదలనివి ఏమిటా అని మావయ్య రెండు రోజులు ఆలోచించాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ తలెత్తి చూస్తే తమ చర్చి గంటగోపురం కనబడింది. ఆ సాయంత్రమే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపు వెనక అంటించాడు. ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్ళి రాగలిగినంత దూరంలో ఉన్న చర్చిలన్నీ తీయాలి. శనివారానికి ఒకటి. చర్చికి రెండే బొమ్మలు, ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. రెండూ ముప్ఫై అంగల దూరం నుంచే. ఒక్కసారే నొక్కాలి, మళ్ళీ నొక్కడం లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళను పలకరించి, అడిగి తీయాలి.

"ముప్ఫై అంగలేమిటి?" అంది అత్తయ్య.

"ఛాతీ ఎక్స్‌రేకి ఆరడుగులు. చర్చి ఛాతీ పెద్దది కదా."

"చొక్కా విప్పమనకండి, బాగుండదు." అని నవ్వి, మళ్ళీ అడిగింది. "ఇంతకీ ఎందుకండీ ఇదంతా?"

మావయ్య కాగితం అంచు వేలితో మళ్ళీ ఒకసారి నొక్కాడు. "ఒక్క దేవుడికే ఈ ఊళ్ళో ఇన్ని ఇళ్ళున్నాయి. అరవయ్యేళ్ళొచ్చాయి, నేను ఒక్క గుమ్మమే తొక్కాను. పోయేలోగా మిగతావాటినీ ఓసారి పలకరించి రావద్దూ?"

ఆ శనివారం నుంచి తెల్లారేసరికి అత్తయ్య సీసాలో నీళ్ళు నింపి సైకిల్‌కి తగిలించి ఉంచేది.

చర్చిల వరసలో మొదటిది సొంత చర్చే. పక్క నుంచి తీసినదానిలో మూలకు ఆయన వేలు అడ్డం పడింది. మళ్ళీ నొక్కకూడదని తనే రాసుకున్నాడు గనక పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాడు.

లెక్కపెడితే ఇరవై ఏడు చర్చిలు తేలాయి. అన్ని ఉన్నాయని ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒకటి బట్టల కొట్టు మీద మేడ. కింద కుట్టుమిషను నడిపే టైలరు ప్రార్థన వేళకి కాలు ఆపేస్తాడట. "వాళ్ళ మతం కాదు నాది. కానీ వాళ్ళు కళ్ళు మూసుకుంటే నేను టకటకలాడించడం ఏం బావుంటుంది" అన్నాడు. ఇంకొకటి పెద్ద రాతి చర్చి. అక్కడి కాపలాదారు "ఫోటోకి పర్మిషన్ లెటరు ఉందా" అని గద్దించి, లోపలికెళ్ళి అడిగొచ్చి, తీరా జల్లు మొదలైతే కెమెరా తడవకుండా తన గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. రైలు పట్టాల అవతల రేకుల చర్చి తాళంచెవి ఒక అవ్వ కొంగున ఉంటుంది. ఆవిడ మావయ్య అంగలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడవడం చూసి "ఏమయ్యా, గుంటలో పడతావు!" అని అరిచి, చెయ్యి పట్టుకుని తనే వెనక్కి నడిపించింది. పదిహేడు దగ్గర లెక్క తప్పింది. ఇద్దరూ మళ్ళీ గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టారు.

ఎక్కడికెళ్ళినా, మీట నొక్కే ముందు మావయ్య నోట అలవాటుగా ఆ మాటే వచ్చేది. "బిగబట్టండి." చర్చి మాట విన్నట్టే ఉండేది. నొక్కాక "ఇక వదలండి" అనేవాడు. రేకుల చర్చి అవ్వ అది విని, ఈయనకి కాస్త తిక్క ఉన్నా మంచి తిక్కే అనుకుందట.

ఆరు నెలలకు ఇరవై ఏడూ పూర్తయ్యాయి. చివరికి మిగిలింది మొదటిదాని వేలి మచ్చ. అందుకని ఒక మినహాయింపు రాసుకుని, ఇరవై ఎనిమిదో శనివారం మళ్ళీ సొంత చర్చికే వెళ్ళాడు.

వెళ్ళి చూస్తే పక్కగుమ్మం ముందు, సరిగ్గా గంటగోపురం కింద, ఇంతెత్తున ఇసుక కుప్ప.

ఆ ఇసుక పోయించింది మేస్త్రి. మేస్త్రి అంటే అత్తయ్యకి అన్నయ్య, మావయ్యకి బావ. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన కట్టినవే. ఈ గంటగోపురం కూడా పంతొమ్మిదేళ్ళ కిందట కూలీ పుచ్చుకోకుండా తన చేతులతో తనే కట్టాడు. ఇప్పటికీ చర్చికి వచ్చినప్పుడల్లా లోపలికి వెళ్ళే ముందు గోపురం గోడ మీద అరచేత్తో ఒకసారి తట్టి వెళతాడు. పెళ్ళైన కొత్తలో మావయ్యకు ఈ ఊళ్ళో మొట్టమొదటి స్నేహితుడు ఆయనే. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ ఆరాధనలో ఒకే బల్ల మీద పక్కపక్కనే కూర్చుంటున్నారు.

ఆ ఇసుక మీద మూడు రోజులుగా సంఘంలో గొడవ. గోపురం నీడలోని ఆ మెట్ల మీదే ఆదివారం బడి పిల్లలు కూర్చుంటారు. ఇప్పుడు వాళ్ళంతా అవతలి ఎండలో కూర్చోవాలి. ఎవరు అడిగినా మేస్త్రిది ఒకటే జవాబు. "పనుంది, తీయిస్తాలే." దానికి తోడు గంట తాడు చీకిపోయిందని విప్పి తీసుకెళ్ళాడు. కొత్తది తేలేదు. అప్పటి నుంచి గంట మోగలేదు.

"ముసలాడయ్యాక చాదస్తం ఎక్కువైంది మీ బావకి" అని పాటల బృందంలోని పెద్దావిడ మావయ్యతోనే అంది.

మావయ్యకి కూడా మంటెక్కింది. వేలు పోయిందనుకుంటే ఇసుక వచ్చి పడింది. అయినా ముప్ఫై అంగలు కొలుచుకుని నొక్కి ఇంటికొచ్చాడు.

సోమవారం మధ్యాహ్నానికి ఫోటోలు వచ్చాయి. ఆసుపత్రిలో కంప్యూటర్లు వచ్చిన ఏడాది పారేసిన పాత లైటుపెట్టె ఒకటి మావయ్య ఇంట్లో గోడకు ఉంది. డాక్టర్లు ఫిల్ములు తగిలించి చూసే పెట్టె. కాగితం ఫోటోలకి వెనక లైటు పనికిరాదని అత్తయ్య ఎన్నిసార్లు చెప్పినా, ఆయన దాని క్లిప్పులకి తగిలించి చూస్తే గాని చూసినట్టు కాదు. ఆ రోజు అత్తయ్యే తగిలించింది. ఏడిపిద్దామని ఆరు నెలల కిందటి వేలి ఫోటోను పక్కనే పెట్టింది.

"రండి రండి, రెండు రత్నాలూ చూడండి. ఒకదాంట్లో మీ వేలు, ఒకదాంట్లో మా అన్నయ్య ఇసుక. మధ్యలో పాపం చర్చి."

మావయ్య నవ్వుతూ వచ్చాడు. పెట్టె ముందు నిలబడ్డాడు. నవ్వు ఆగిపోయింది.

ఒకే మనిషివి రెండు ఫిల్ములు, ఒకే దూరం నుంచి, కొన్ని నెలల తేడాతో పక్కపక్కన తగిలిస్తే ఏం చూడాలో ఆయన కళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పాత గోడకీ గోపురానికీ అతుకు ఉన్నచోట, చిన్న కిటికీ మూల నుంచి కిందికి ఒక గీత. పాత ఫోటోలో తలవెంట్రుకంత. భూతద్దం పెడితేనే కనబడుతుంది. కొత్త ఫోటోలో నల్లదారమంత. మధ్యలో వానలు వెళ్ళాయి. కిటికీ కింది అంచు రెండు ఫోటోల్లోనూ ఒకే వరసలో లేదు.

"ఏమైందండీ?" అంది అత్తయ్య.

"రిపోర్టు..." అని అలవాటుగా నోరు తెరిచి, అక్కడితో ఆపేశాడు.

ఆ సాయంత్రమంతా ఆయన ఇంట్లో కాలు నిలపలేదు. నీడేమో అనుకున్నాడు. వాన చార అయ్యుంటుందనుకున్నాడు. ఒక్క ఫిల్ము చూసి తీర్పు చెప్పకూడదు అనుకున్నాడు. ఇవన్నీ అనుకుంటుంటే వెనకాల నుంచి ఇంకో సంగతి మెల్లగా తలెత్తింది. అది నీడ కాకపోతే చెప్పాలి. చెబితే, బావ పంతొమ్మిదేళ్ళుగా అరచేత్తో తట్టే గోడకి పగులుందని సంఘం అందరి ముందూ చెప్పినట్టే. ఆ బల్ల మీద ఆ తర్వాత తన పక్కన ఎవరు కూర్చుంటారు?

మంగళవారం తెల్లవారుతూనే అడుగు బద్ద జేబులో పెట్టుకుని వెళ్ళాడు. చర్చి వెనక ఉన్న నిచ్చెన తెచ్చి ఇసుక కుప్ప పక్కన ఆనించాడు. నాలుగు మెట్లు ఎక్కేసరికి వాననీళ్ళ గొట్టం వెనకాల ఏదో తళుక్కుమంది. వంగి చూశాడు.

రెండు వేళ్ళ వెడల్పున్న గాజు పలక. పగులుకి అడ్డంగా, రెండు చివరలా సిమెంటు ముద్దలతో అతికించి ఉంది. ఆ సిమెంటు మీద పెన్సిల్‌తో ఒక తేదీ. నాలుగు నెలల కిందటిది. ఆ చేతిరాత మావయ్యకు తెలుసు. గాజు సరిగ్గా మధ్యకి విరిగి ఉంది.

గాజు పలక ఎందుకు పెడతారో కూడా ఆయనకు తెలుసు. ఒకప్పుడు ఎక్స్‌రే గది గోడ బీటవేస్తే మేస్త్రే వచ్చి ఇలాంటిదే పెట్టాడు. "గోడ ఊరికే బీటవేసి ఆగిందా, ఇంకా కదులుతోందా అన్నది మన కంటికి తెలీదు బావా. గాజుకి తెలుస్తుంది. గోడ కదిలితే అది ఊరుకోదు, విరుగుతుంది" అని అప్పుడు చెప్పాడు. ఆ గదిలో గాజు విరగలేదు.

"ఏం బావా, మందిరానికి జ్వరం చూస్తున్నావా?"

కింద మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఆయన రోజూ ఆ వేళకే, ఎవరూ లేవకముందే వస్తున్నాడని మావయ్యకి అప్పుడు అర్థమైంది. నిచ్చెన దిగాడు.

"ఎప్పుడు విరిగింది?" అన్నాడు మావయ్య.

"పోయిన మంగళవారం."

"బుధవారం ఇసుక పోయించావు."

"ఊఁ."

"అందరూ నిన్ను తిట్టారు."

"తిట్టనీ. తిట్టేవాళ్ళంతా అవతల నిలబడి తిట్టారు కదా. నాక్కావలసింది అదే."

"గంట తాడు?"

"చీకలేదు. గంట ఊగితే గోపురం అదురుతుంది."

ఇన్ని రోజులూ చాదస్తమని మావయ్య కూడా అనుకున్నాడు. "మరి చెప్పొచ్చు కదా బావా ఒక్క మాట!"

మేస్త్రి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయిపోయినా తువ్వాలు మొహం మీదే ఉంచుకున్నాడు. "ఏమని చెప్పను? పాత గోడ గట్టినేల మీద ఉంది. దీనికి పునాది తవ్వినప్పుడు గట్టినేల తగల్లేదు. ఇంకో మూర తవ్వాలి. నాకు తెలుసు. అప్పుడు అమ్మ మంచంలో ఉంది, గుర్తుందా? మన మందిరానికి గంట పెడితే వినాలని ఉందిరా అంది. రోజులు లెక్కపెడుతున్నాం. ఇక తవ్వకుండా రాయి పేర్చేశాను. ఆ ఒక్క మూర." ఆగాడు. "అమ్మ ఏడాది పాటు విన్నది. మంచం మీద నుంచే చెయ్యెత్తి దణ్ణం పెట్టుకునేది. అందరూ నన్ను పొగిడారు. ఆ పొగడ్తంతా తిన్నాను బావా. ఇప్పుడేమని చెప్పను?"

ఆ గంట మావయ్యకీ గుర్తుంది. ఆ ఏడాది అత్తగారి మంచం దగ్గర కూర్చుని తనూ విన్నాడు.

"ఇసుక ఎన్నాళ్ళు కాపలా కాస్తుంది?" అన్నాడు మెల్లగా. "పిల్లలు మొన్న ఇసుకని చూసి అవతలకి పోయారు. రేపు ఇసుకలో ఆడుకోవడానికే వస్తారు."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. అది ఆయనకి తట్టలేదు.

"ఆదివారం దాకా ఆగడానికి లేదు బావా. రేపు సాయంత్రం ప్రార్థన కూటానికి అందరూ వస్తారు. నువ్వు చెప్పు. నేను చెప్పను. గోడ నీది, చెప్పాల్సింది నువ్వు. నేను ఫోటోలు పట్టుకుని నీ పక్కన నిలబడతాను."

"నేను చెప్పకపోతే?"

ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు మావయ్య నాలుకని పట్టి వెనక్కి లాగింది. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఆ టీకొట్టు ముందు నుంచి మూడు వారాలు నోరు మూసుకుని సైకిల్ తొక్కాను. ఈ మందిరం ముందు నుంచి అలా తొక్కలేను."

మేస్త్రి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వెళుతూ గోడ మీద తట్టలేదు.

ఇంటికొచ్చి మావయ్య అంతా అత్తయ్యకి చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ కొంగుతో కళ్ళొత్తుకుంది. అంతలోనే నవ్వింది. "చిన్నప్పుడూ అంతే. బళ్ళో పలక పగలగొట్టుకుని, నెల రోజులు చొక్కా లోపల దాచుకుని తిరిగాడు. అమ్మ చొక్కా ఉతకాలని అడిగితే ఇవ్వడు. పలక పోయిందని కాదండీ, అమ్మ మొహం చిన్నబోతుందని."

"నా మీద కోపమొచ్చి ఉంటుంది."

"వస్తుంది. మీరూ మీరూ తేల్చుకోండి. నేను ఇద్దరికీ భోజనం పెట్టేదాన్ని." ఆ పూట ఆవిడ అన్నట్టే అన్నయ్య ఇంటికి క్యారేజీ పట్టుకెళ్ళింది. ఏం మాట్లాడిందో చెప్పలేదు. ఖాళీ క్యారేజీ మాత్రం కడిగి పంపించారు.

బుధవారం సాయంత్రం మావయ్య లైటుపెట్టెను గోడ నుంచి విప్పి, దుప్పటిలో చుట్టి సైకిల్ వెనక కట్టుకుని బయలుదేరాడు. బావ రాకపోతే తానే నిలబడి చెప్పాలి. జీవితంలో ఒక్క రిపోర్టూ చదవని మనిషి. ప్రభువా, నా నోటికి కాస్త బలమియ్యి, లేదంటే బావ కాళ్ళకియ్యి అనుకున్నాడు.

చర్చి ఆవరణలోకి వచ్చి ఆగిపోయాడు. కూటం ఎప్పుడూ జరిగే హాల్లో దీపం లేదు, తలుపుకి తాళం. ఆవరణ అవతలి గోడ పక్కన, గోపురానికి దూరంగా, నేల ఊడ్చి చాపలు పరిచి ఉన్నాయి. ముసలివాళ్ళకి రెండు బల్లలు కూడా మోసుకొచ్చి పెట్టారు. చివరి చాప అంచు సరిచేస్తూ మేస్త్రి వంగి ఉన్నాడు.

"ముప్ఫై అంగలు కొలిచాను" అన్నాడు తల ఎత్తకుండా. "నీ అంగలు కాదు, నావి. నావి పెద్దవి."

ప్రార్థన అయ్యాక మేస్త్రి లేచి నిలబడ్డాడు. పాస్టరు అయ్యగారు, పాటల బృందంలో పెద్దావిడ, పిల్లల తల్లులు, అందరూ ఇసుక సంగతి తేలుతుందని ఆయనకేసి చూశారు. మావయ్య పెట్టెకి రెండు ఫోటోలూ తగిలించి పక్కన నిలబడ్డాడు. మేస్త్రి నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. మాట పెగల్లేదు. జనంలో గుసగుస మొదలైంది.

మావయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఏమనాలో ఆలోచించుకోలేదు. అలవాటైన మాటే వచ్చింది.

"గాలి పీల్చు బావా."

మేస్త్రి పీల్చాడు.

"బిగబట్టు."

చాపల మీద ఉన్నవాళ్ళలో ఆ గదిలోకి వెళ్ళనివాళ్ళు తక్కువ. ఆ మాట చెవిన పడగానే పిల్లా పెద్దా అందరి ఛాతీలూ వాటంతటవే నిండాయి. ఒక్క క్షణం ఆవరణలో ఊపిరి చప్పుడు లేదు.

"ఇక వదులు."

అందరూ ఒక్కసారే వదిలారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వులో మేస్త్రి గొంతు దొరికింది. మొత్తం చెప్పాడు. మూర దగ్గర మొదలుపెట్టి గాజు పలక దాకా. అమ్మ కోసమని చెప్పాడు గాని, అందుకని తప్పు చిన్నదని మాత్రం అనలేదు. మావయ్య ఒక్కొక్క ఫోటో మీద వేలు పెట్టి చూపించాడు.

పాటల బృందం పెద్దావిడ బల్ల మీద నుంచి కష్టపడి లేచింది.

"ఏరా, ఆ ఇసుక అందుకు పోయించావా?"

"అవునమ్మా."

"వారం రోజుల నుంచీ నిన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాను కదరా. ఒక్కసారైనా ఎదురు మాట్లాడవేం? ఇప్పుడు ఆ తిట్లన్నీ నేను ఏ మొహం పెట్టుకుని వెనక్కి తీసుకోను?"

ఈసారి అందరూ నవ్వారు. మేస్త్రి కూడా, కళ్ళు తుడుచుకుంటూ. అయ్యగారు వచ్చి మేస్త్రిని తన చాప మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇంజనీరుకి చూపిద్దాం, అప్పటిదాకా గోపురం దగ్గరికి ఎవరూ వెళ్ళవద్దు, హాల్లోకీ వద్దు అన్నారు. మరి ఆదివారం ఆరాధన ఎక్కడన్న మాట వచ్చింది.

"నేను కనుక్కుంటాను" అన్నాడు మావయ్య. తనే ఆశ్చర్యపోయేంత గట్టిగా.

మర్నాడు పట్టాల అవతలికి సైకిల్ తొక్కాడు. రేకుల చర్చి అవ్వ చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"మళ్ళీ వెనక్కి నడవాలా ఏమిటి?" అంది.

"కాదవ్వా, ఈసారి లోపలికి రావాలి. మా సంఘం అంతా." అని సంగతి చెప్పాడు.

ఆవిడ మొత్తం విననే లేదు. కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "మాది పదింటికి అయిపోతుంది. ఆ తర్వాత మీదే. చెప్పులు బయట వరసగా పెట్టమను మీవాళ్ళని. ఇక్కడ కాళ్ళకి అడ్డం పడి పడిపోయేది నేనే."

ఇంజనీరు వచ్చి చూసి, హాలుకేమీ భయం లేదు, గోపురం మాత్రం పైనుంచి రాయి రాయీ విప్పి మళ్ళీ కట్టుకోవాలన్నాడు. గంటను దించి హాల్లో చాప మీద పడుకోబెట్టారు. పిల్లలు ఒక్కొక్కళ్ళూ వెళ్ళి దాన్ని వేలితో మీటి వచ్చారు. మేస్త్రి ఈసారి ఒంటరిగా చేయలేదు. సాయంత్రాలు సంఘం మగవాళ్ళూ ఆడవాళ్ళూ వచ్చి రాళ్ళు అందించారు. మేడ మీది చర్చి కింద మిషను నడిపే టైలరు కూడా ఒక శనివారం వచ్చి, ఎవరూ అడగకుండానే రెండు గంటలు మోసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

గోపురం నేలమట్టమై కొత్త పునాది తవ్వుతున్న శనివారం, మావయ్య కెమెరా పట్టుకుని వెళ్ళాడు. గుమ్మం దగ్గర నుంచి ముప్ఫై అంగలు వెనక్కి నడిచాడు. ఎదురుగా కర్రల దన్నులు పెట్టిన పాత గోడ, రాళ్ళ గుట్ట, అదే ఇసుక కుప్ప. గుంటలో నుంచి మేస్త్రి తలా భుజాలూ మాత్రం కనబడుతున్నాయి.

"నేను పక్కకి తప్పుకోనా బావా?"

"వద్దు. కట్టు కట్టాక తీసే ఎక్స్‌రేలో కట్టు కూడా పడుతుంది. ఉండు." కన్ను కెమెరాకి ఆనించాడు. "గాలి పీల్చు. బిగబట్టు."

మీట నొక్కాడు. మేస్త్రి ఊపిరి వదిలి, గడ్డపార ఆనించి, గుంట అంచు మీద మోచేతులు పెట్టుకున్నాడు.

"గట్టినేల తగిలింది బావా. తగిలాక కూడా ఇంకో మూర తవ్వాను. పడిందా ఫోటోలో?"

మావయ్య కెమెరా దించాడు. "పడలేదు. దీనికి బయటిదే కనబడుతుంది."

"అయితే ఎలా తెలుస్తుంది మనవాళ్ళకి?"

"నేను చూశాను కదా" అన్నాడు మావయ్య. "చెప్తాను."